ఛాయాచిత్రమునకు వివరపు చీటీ

ఒక పాత ఛాయాచిత్రము చేతికి వచ్చినప్పుడు ఎవరైనను మొదట ముందువైపు చూతురు; తరువాత వెనుకకు త్రిప్పి చూతురు. ముందువైపున ముఖములుండును. వెనుకవైపున, అదృష్టము బాగున్నచో, పెన్సిలుతో వ్రాసిన రెండు పంక్తులుండును. ఫలానా ఊరు, ఫలానా సంవత్సరము, ఎడమనుండి కూర్చున్నవారు ఫలానావారు అని వాటివలన తెలియును. ఆ రెండు పంక్తులు లేని బొమ్మ ఎంత స్పష్టముగా ఉన్నను, అందలివారిని గుర్తుపట్టగల పెద్దలు గతించిన తరువాత అది ఎవరిదో చెప్పువారుండరు.

కంప్యూటరులో దాచిన బొమ్మకు వెనుకవైపు లేదు. అది కేవలము అంకెల వరుస. అట్టి బొమ్మను గూర్చిన వివరములను ఎచ్చట వ్రాయవలెను? వ్రాసినది బొమ్మతోపాటు ఊరూరు తిరుగునట్లు ఎట్లు కట్టవలెను? ఈ ప్రశ్నలకు సమాధానముగా గత ముప్పది, నలుబది సంవత్సరములలో ఏర్పడిన పద్ధతికి మెటాడేటా అని పేరు. అనగా సమాచారమును గూర్చిన సమాచారము. దీనిని వ్రాయుటకు, చదువుటకు, సవరించుటకు అనేక సాఫ్ట్‌వేరు పనిముట్లు పుట్టినవి. వాటి చరిత్ర చూడ సాంకేతిక విషయముగా కనిపించినను, దానిలో ఒకరి పేరు నిలుచుట, ఒకరి ప్రాణభద్రత, ఒక జాతి జ్ఞాపకము అను పెద్ద విషయములు ఇమిడియున్నవి.

కృతి ఎవరిదో కృతిలోనే చెప్పు ఆచారము తెలుగువారికి క్రొత్త కాదు. ప్రబంధములలో ప్రతి ఆశ్వాసము చివర గద్యము వ్రాసి, అందు కవి తన పేరును, తండ్రి పేరును చేర్చెడివాడు. తాళపత్ర ప్రతుల చివర వ్రాయసకాండ్రు సంవత్సరమును, తిథిని, తమ పేరును వ్రాసియుంచిరి. గ్రంథము ఎవరి యింటికి పోయినను ఆ వివరము దానితోనే పోయెడిది. నేటి మెటాడేటాకు మూలసూత్రము కూడ ఇదియే.

ఫిల్ము అంచుపై వ్రాత

కెమేరాలోనే వివరము వ్రాయవలెనను కోరిక డిజిటల్ యుగమునకు ముందే కలిగినది. 1914లో అమెరికాలోని ఈస్ట్‌మన్ కోడక్ సంస్థ ఆటోగ్రాఫిక్ అను కెమేరాలను విక్రయింప నారంభించెను. ఈ ఉపాయమును కనిపెట్టిన హెన్రీ గైస్‌మన్‌కు ఆ సంస్థ 3,00,000 డాలర్లు చెల్లించెను. ఫిల్ముకును దాని వెనుకనుండు రక్షక కాగితమునకును నడుమ ఒక పలుచని కార్బను పొర ఉండెడిది. కెమేరా వీపున ఒక చిన్న తలుపు తెరచి, లోహపు మొనగల కలముతో కాగితముపై వ్రాసి, కొన్ని క్షణములు వెలుతురు తగులనిచ్చినచో ఆ అక్షరములు రెండు బొమ్మల నడుమనున్న ఖాళీలో ఫిల్ముపై పడెడివి. నెగెటివు ఉన్నంత కాలము ఊరు పేరును, తేదీయు దానితోపాటు ఉండెడివి. ఈ పద్ధతి 1930వ దశకములో మరుగునపడినది.

వార్తాసంస్థలకు ఈ అవసరము మరింత హెచ్చు. 1935 జనవరి 1న అసోసియేటెడ్ ప్రెస్ సంస్థ తీగల ద్వారా ఛాయాచిత్రములను పంపు సేవను ప్రారంభించినది. బొమ్మ వేలకొలది మైళ్లు పోయి చేరును గాని, అందున్న మనుష్యుడెవరో అవతలి సంపాదకునకు తెలియవలెను గదా! అందుచేత వివరమును టైపు చేసి బొమ్మ అంచున అతికించి, రెండింటిని కలిపి పంపెడివారు. అక్కడ వివరము కూడ బొమ్మలో ఒక భాగమైన నలుపు గీతలే. మనుష్యుడు దానిని చదువగలడు, యంత్రము చదువజాలదు.

మొదటి చీటీ: విలేఖరులది

వార్తాపత్రికలు, వార్తాసంస్థలు కలిసి 1965లో ఐ.పి.టి.సి. అను అంతర్జాతీయ సంఘమును స్థాపించినవి. 1990వ దశకము తొలినాళ్లలో ఈ సంఘము అమెరికా పత్రికల సంఘముతో కలిసి వార్తాసమాచార మార్పిడికి ఒక నమూనాను రూపొందించినది. ఛాయాగ్రాహకుని పేరు, శీర్షిక, వివరణ, నగరము, దేశము, హక్కుదారు, ముఖ్యపదములు మున్నగు ఒక్కొక్క అంశమునకు ఒక్కొక్క సంఖ్యయు, ఇన్ని బైట్లు మించరాదను హద్దును ఏర్పరచిరి.

ఈ చీటీని బొమ్మలో దాచుటకు తగిన చోటు అదే కాలమున లభించినది. 1992లో ఆమోదము పొందిన జెపెగ్ ప్రమాణము ప్రకారము బొమ్మ ఫైలు అనేక ఖండములుగా ఉండును. ప్రతి ఖండము మొదట దాని గుర్తు, తరువాత రెండు బైట్లలో దాని పొడవు వ్రాసియుండును. వీనిలో పదునారు గుర్తులను ఇతర సాఫ్ట్‌వేరుల వాడుకకై విడిచిపెట్టిరి. తనకు తెలియని ఖండము ఎదురైనచో, దాని పొడవును చదివి, అంత దూరము దాటి ముందుకు పోవచ్చును. కనుక బొమ్మను చెడగొట్టకుండ వివరమును దానిలో చేర్చుట సాధ్యమైనది. అయితే పొడవును రెండు బైట్లలోనే వ్రాయవలెను గనుక ఒక్క ఖండము 65,535 బైట్లకు మించరాదు.

బొమ్మలను సవరించు ఫోటోషాప్ అను సాఫ్ట్‌వేరు 1990లో వెలువడినది. ఆ దశకము నడుమ దాని నిర్మాతలైన అడోబి సంస్థవారు ఐ.పి.టి.సి. అంశములలో కొన్నిటిని గ్రహించి, వాటిని నింపుటకు ఒక పట్టికను అందు చేర్చిరి. పత్రికా కార్యాలయములలో మెటాడేటా వాడుక వ్యాపించుటకు ఇది ముఖ్య కారణము.

రెండవ చీటీ: కెమేరాది

మొదటి చీటీని మనుష్యుడు నింపవలెను. రెండవదానిని కెమేరాయే నింపును. 1995లో జపాను ఎలక్ట్రానిక్ పరిశ్రమల సంఘము ఎక్సిఫ్ అను ప్రమాణమును ప్రకటించెను. కెమేరా తయారించినవారు, నమూనా, తీసిన తేదీ, కాలము, కటకపు నాభ్యంతరము, వెలుతురు సోకిన కాలము మున్నగునవి బొమ్మ తీసిన క్షణముననే అందు చేరును. టిఫ్ అను పూర్వపు చిత్రప్రమాణములోని పట్టికల నిర్మాణమునే దీనికి వాడుకొనిరి. ప్రతి వివరమునకు ఒక సంఖ్య కలదు. 271 అనగా తయారీదారు, 272 అనగా నమూనా, 36867 అనగా బొమ్మ తీసిన కాలము. తరువాతి కూర్పులలో ఉపగ్రహముల సాయముతో తెలిసికొన్న అక్షాంశ రేఖాంశములను వ్రాయుటకు కూడ స్థానము కల్పించిరి.

ఈ ప్రమాణములో చాలకాలము ఒక లోపము ఉండెను. కాలమును వ్రాయుదురు గాని అది ఏ దేశపు కాలమో వ్రాయుటకు చోటు లేదు. న్యూజెర్సీలోని తెలుగువాడొకడు శీతకాలమున పెండ్లికై హైదరాబాదు వచ్చి, కెమేరా గడియారమును మార్చుట మరచెననుకొందము. తెల్లవారి ఆరుగంటల ముహూర్తపు బొమ్మపై ముందునాటి రాత్రి ఏడున్నర అని పడును. రెండు దేశముల కాలములకు పదిన్నర గంటల భేదము ఉండుటయే దీనికి కారణము. కాలభేదమును వ్రాయు అంశములు 2016లో వెలువడిన 2.31వ కూర్పులో మాత్రమే చేరినవి.

ఎక్సిఫ్‌లో మరొక చిక్కు కలదు. ప్రతి తయారీదారు తన సొంత వివరములను వ్రాసికొనుటకు ఒక స్థలమును విడిచిరి. దాని లోపలి అమరిక ఎట్లుండవలెనో ప్రమాణము చెప్పదు. ఒక్కొక్క సంస్థ ఒక్కొక్క రీతిగా, చాలవరకు రహస్యముగా దానిని నింపుచు వచ్చినది. పైగా, ఏ వివరము ఎచ్చటనున్నదో తెలుపు స్థానసంఖ్యలు అందులో ఉండును. ఒక పుస్తకమునకు ముందు నాలుగు పుటలు చేర్చి, విషయసూచికను మార్చకున్నచో పుట సంఖ్యలన్నియు తప్పును గదా! అట్లే అజాగ్రత్తగా వ్రాసిన సవరణ సాఫ్ట్‌వేరు ఈ భాగమును ప్రక్కకు జరిపినచో, లోపలి స్థానసంఖ్యలు తప్పి వివరములు చదువరాకుండ పోవును. బొమ్మను సరిదిద్దబోయి దాని వివరమును పాడుచేయుట ఆ దినములలో తరచు జరిగెడిది.

రహస్యమునకు సంబంధించిన వివాదము 2005లో బహిరంగమైనది. నికాన్ సంస్థ తన డి2ఎక్స్ కెమేరా ముడి ఫైళ్లలో తెలుపు రంగు సమతౌల్యమునకు సంబంధించిన వివరమును సంకేతలిపిలో దాచినది. ఫోటోషాప్ నిర్మాతలలో ఒకరైన థామస్ నోల్ దీనిని బహిరంగముగా ఆక్షేపించెను. ముడి ఫైళ్లను చదువు డీసీరా అను ఉచిత సాఫ్ట్‌వేరును వ్రాసిన డేవిడ్ కాఫిన్ ఆ సంకేతమును ఛేదించెను. తీసినవాని బొమ్మలోని వివరము తీసినవానిదా, కెమేరా చేసినవానిదా అను ప్రశ్న అప్పుడు అందరి యెదుటకు వచ్చినది.

మూడవ చీటీయు, ముగ్గురి తగవును

2001లో అడోబి సంస్థ ఎక్స్.ఎం.పి. అను మూడవ పద్ధతిని ప్రవేశపెట్టినది. పూర్వపు పద్ధతులలో అంశములును, వాటి హద్దులును ముందే నిర్ణీతములు. ఇందులో క్రొత్త అంశములను ఎవరైనను చేర్చుకొనవచ్చును. పొడవునకు హద్దు లేదు. ప్రపంచ లిపులన్నియు వ్రాయవచ్చును. 2012లో ఇది అంతర్జాతీయ ప్రమాణముగా అంగీకరింపబడినది.

కాని ఒకే బొమ్మలో మూడు చీటీలు ఏర్పడుటచే క్రొత్త తగవు వచ్చెను. ఒక సాఫ్ట్‌వేరు ఛాయాగ్రాహకుని పేరును మొదటి చీటీలో సవరించును. మరియొకటి మూడవ చీటీని మాత్రమే చదువును. ఒకే బొమ్మకు ఇద్దరు కర్తలు కనిపింతురు. ఈ చిక్కును తీర్చుటకై అడోబి, ఆపిల్, కానన్, మైక్రోసాఫ్ట్, నోకియా మొదలగు సంస్థలు ఒక బృందముగా ఏర్పడి 2008లో మార్గదర్శక సూత్రములను ప్రకటించినవి. ఏ చీటీని ముందుగా నమ్మవలెనో, ఒకటి మారినచో మిగిలినవాటిని ఎట్లు మార్చవలెనో అందు చెప్పిరి.

ఒక వ్యక్తి నిర్మించిన పనిముట్టు

ఇన్ని పద్ధతులను ఒక్కచోట చదివి వ్రాయగల సాధనము పెద్ద సంస్థల నుండి రాలేదు. కెనడాకు చెందిన ఫిల్ హార్వీ 2003లో ఎక్సిఫ్‌టూల్ అను ఉచిత సాఫ్ట్‌వేరును విడుదల చేసెను. ఆయన కింగ్‌స్టన్ నగరములోని క్వీన్స్ విశ్వవిద్యాలయమున, గనిలో లోతున నిర్మించిన సడ్‌బరీ న్యూట్రినో ప్రయోగశాల పరిశోధనలలో పాల్గొన్నవారు. పెర్ల్ అను కంప్యూటరు భాషలో వ్రాసిన ఈ సాధనము మూడు చీటీలను చదువును. తయారీదారుల రహస్య భాగములను కూడ, అనేక కెమేరాల ఫైళ్లను పోల్చి చూచుట ద్వారా, క్రమక్రమముగా విప్పి చెప్పుచు వచ్చినది. ప్రపంచము నలుమూలల నుండి వాడుకరులు తమ కెమేరాల నమూనా ఫైళ్లను పంపి తోడ్పడిరి. మరుసటి సంవత్సరము, అనగా 2004లో, ఆండ్రియాస్ హుగ్గెల్ ఎక్సివ్2 అను మరియొక ఉచిత సాధనమును ఆరంభించెను. చిత్రములను నిర్వహించు పెక్కు సాఫ్ట్‌వేరులు లోపల వీనినే వాడుకొనుచున్నవి.

ఎక్సిఫ్‌టూల్ వలని ప్రయోజనము పైన చెప్పిన పెండ్లి బొమ్మల ఉదాహరణమున తెలియును. వేయి బొమ్మల కాలము తప్పియున్నచో, ఒక్కొక్కటి తెరువ నక్కరలేదు. కాలమును పదిన్నర గంటలు ముందునకు జరుపుమని ఒక్క ఆజ్ఞ ఇచ్చినచో చాలును. రంగుల అంకెలను ముట్టక, చీటీని మాత్రమే మార్చును గనుక బొమ్మ నాణ్యము తగ్గదు. మార్పునకు ముందున్న ఫైలును వేరుగా దాచియుంచుట దీని అలవాటు. సవరణలో పొరపాటు జరిగినను మూలప్రతి మిగులును. గ్రంథ పరిష్కర్తలకు ఈ నియమము విలువ బాగుగ తెలియును.

ఫైలులోనా, పట్టికలోనా?

గ్రంథాలయములో పుస్తకపు వివరము రెండుచోట్ల ఉండును: పుస్తకపు ముఖపత్రమున ఒకటి, కార్డుల పెట్టెలో ఒకటి. కార్డులవలన వెదకుట సులభము. కాని పెట్టె కాలిపోయినచో పుస్తకము తన పేరును తానే చెప్పుకొనవలెను. చిత్రముల విషయములోను ఇట్లే రెండు మార్గములు కలవు. 2007లో వెలువడిన లైట్‌రూమ్ వంటి సాఫ్ట్‌వేరులు వివరములను ముఖ్యముగా తమ సొంత పట్టికలో దాచును. కోరినచో ఫైలులో కూడ వ్రాయును. పట్టిక పద్ధతి వేగవంతమైనది. కాని సాఫ్ట్‌వేరుకు ఆయుస్సు కలదు. పెక్కుమంది ఇష్టపడి వాడిన గూగుల్‌వారి పికాసా 2016లో నిలిపివేయబడినది. అందు ఫైలులో వ్రాసిన శీర్షికలు ఏ క్రొత్త సాధనముతోనైనను చదువవచ్చును. ప్రక్కన వేరు ఫైలులో దాచిన ముఖముల గుర్తులు అట్లు సులభముగా వెంటరాలేదు. కుటుంబపు చిత్రములను ఏబది ఏండ్లు నిలుపగోరువారు గ్రహింపదగిన పాఠమిది.

పోవుటయు, బయటపడుటయు

చీటీ బొమ్మలోనే ఉన్నను అది శాశ్వతము కాదు. దానిని తీసివేయుట అతి సులభము. ఇంటర్నెట్టుపై చిత్రములను పంచు సేవలలో అనేకములు బొమ్మను చిన్నది చేయునప్పుడు చీటీని పారవేయును. అప్పుడు ఛాయాగ్రాహకుని పేరు పోవును. వేరొకడు దానిని తనదని చెప్పుకొనుటకు వీలగును. జీవనోపాధికై బొమ్మలు తీయువానికి ఇది స్వల్ప నష్టము కాదు. ఇందుకే 1996 నాటి ప్రపంచ కాపీహక్కు ఒడంబడిక హక్కుల సమాచారమునకు రక్షణ కోరినది. మన దేశమున 2012లో కాపీహక్కు చట్టమును సవరించి 65బి విభాగమును చేర్చిరి. అధికారము లేకయే తెలిసి అట్టి సమాచారమును తొలగించువారికి రెండేండ్ల వరకు ఖైదు, జరిమానా విధింపవచ్చును.

అయితే చీటీ నిలిచియుండుటచే హాని కలిగిన సందర్భములును కలవు. 2012 డిసెంబరులో సాఫ్ట్‌వేరు వ్యాపారి జాన్ మెకాఫీ, బెలీజ్ పోలీసులు తన్ను విచారింపగోరుచుండగా, ఆ దేశము విడిచి రహస్యముగా తిరుగుచుండెను. ఆయన వెంటనున్న విలేఖరులు ఫోనుతో తీసిన ఒక బొమ్మను తమ పత్రిక ద్వారా ప్రకటించిరి. దానిలో అక్షాంశ రేఖాంశములు అట్లే ఉండెను. ఆయన గ్వాటెమాలాలో ఎచ్చట నున్నాడో లోకమునకు తెలిసిపోయెను. కొలది దినములలోనే అచటి అధికారులు ఆయనను నిర్బంధించిరి. పరారిలోనున్నవానికి జరిగినదే, ఇంటివద్ద తీసిన బిడ్డ బొమ్మను పదిమందికి పంపువారికి జరుగవచ్చును. కాబట్టి పేరును నిలుపుట, చిరునామాను తొలగించుట అను రెండు పనులును ఎరిగి చేయవలెను. పనిముట్లు రెండింటికి ఉపకరించును. ఏది ఉంచవలెనో, ఏది తీయవలెనో నిర్ణయింపవలసినవాడు మనుష్యుడే.

తెలుగులో వ్రాసినచో

ఈ చీటీలలో తెలుగు నిలుచునా? 1991లో వెలువడిన యూనికోడ్ మొదటి కూర్పులోనే తెలుగు లిపికి స్థానము లభించినది. అయినను ఎక్సిఫ్ ప్రమాణము వివరణాంశమున ఆంగ్లాక్షరములకు సరిపోవు ఏడు బిట్ల లిపినే చాలకాలము అనుమతించెను. 2023లో వెలువడిన 3.0వ కూర్పు మాత్రమే అన్ని లిపులకు తగిన యు.టి.ఎఫ్.-8 పద్ధతిని అంగీకరించినది.

మొదటి చీటీ చిక్కు మరొక విధమైనది. అందు నగరము పేరునకు 32 బైట్లు మాత్రమే కలవు. యు.టి.ఎఫ్.-8లో ప్రతి తెలుగు సంకేతమునకు మూడు బైట్లు కావలెను. గుణింతపు గుర్తు, పొల్లు, సున్న కూడ వేరువేరు సంకేతములే. శ్రీకాకుళం అని సున్నతో వ్రాసినచో పది సంకేతములు, ముప్పది బైట్లు, పట్టును. శ్రీకాకుళము అని వ్రాసినచో పదునొకండు సంకేతములు, ముప్పదిమూడు బైట్లు. ఒక్క బైటు మించిపోవును! ఛాయాగ్రాహకుని పేరునకును హద్దు 32 బైట్లే. ఇంటిపేరుతో కలిపి వ్రాసిన తెలుగు పేర్లలో అనేకములు అందు ఇముడవు. మూడవ చీటీయగు ఎక్స్.ఎం.పి.లో ఇట్టి హద్దులు లేవు. తెలుగులో వివరము వ్రాయదలచినవారికి అదియే తగినది.

ఇటీవలి ప్రయత్నము

చీటీని ఎవరైనను మార్చగలరు గనుక దానిని నమ్ముట ఎట్లు? యంత్రమేధ లేని దృశ్యములను సృష్టించు ఈ కాలమున ఈ ప్రశ్న తీవ్రమైనది. 2021లో అడోబి, బి.బి.సి., ఇంటెల్, మైక్రోసాఫ్ట్ మొదలగు సంస్థలు సి2పిఎ అను కూటమిగా ఏర్పడి, వివరమునకు గణితశాస్త్రపు ముద్రవేయు పద్ధతిని రూపొందించినవి. పూర్వము లేఖలకు లక్క ముద్ర వేసినట్లే, బొమ్మగాని చీటీగాని తరువాత మార్చబడినచో ముద్ర సరిపోదు. కాని ముద్ర చెదరలేదని మాత్రమే అది చెప్పగలదు. లోపల వ్రాసినది నిజమని చెప్పజాలదు. ముద్రతోసహా చీటీని చించివేయుటను అది ఆపజాలదు.

ఆటోగ్రాఫిక్ కెమేరా నాటినుండి నేటివరకు సాధనములు ఎన్నో మారినవి. కెమేరా తేదీని వ్రాయును, స్థలమును వ్రాయును, కటకపు కొలతలను వ్రాయును. బొమ్మలోనున్న వృద్ధురాలి పేరేమో, ఆమె ఎవరికి ఏమగునో దానికి తెలియదు. అది తెలిసినవారు ఇంట నుండగనే వారిని అడిగి, ఆ రెండు పంక్తులను ఫైలులో వ్రాయుట వారి బిడ్డల పని.